ట్రే లోతే రెండంగుళాలు: అనంతపురం డాబా తోటలో ఫంగస్ నాట్స్, ఒక కేస్ స్టడీ

కుండీల్లో ఫంగస్ నాట్స్ (తడి మట్టిలో పుట్టే సన్నటి నల్ల ఈగలు) పడ్డాయంటే ఎవరైనా చెప్పే మొదటి మాట "పైమట్టి రెండంగుళాలు ఆరనివ్వండి" అని. మాట నిజమే. కానీ బోన్సాయ్ ట్రే మొత్తం లోతే రెండంగుళాలు. అక్కడ ఆ సలహా పాటిస్తే పురుగు కంటే ముందు చెట్టు పోతుంది. ఒకే డాబా మీద పెద్ద కుండీలూ, బోన్సాయ్‌లూ, నారు ట్రేలూ కలిసి ఉన్నప్పుడు ఎక్కడ ఏం చేయాలో ఈ కేసులో బాగా తెలిసివచ్చింది. అందుకే వివరంగా రాస్తున్నాం. ఇంటివాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాం. మొక్కల సంఖ్యలూ కొద్దిగా మార్చాం.

నేపథ్యం

ఇల్లు అనంతపురంలో. డాబా మీద 50 శాతం షేడ్ నెట్, దాని కింద 8 నుంచి 12 అంగుళాల కుండీలు సుమారు 40. ఒక పక్క ఇనుప స్టాండు మీద తొమ్మిది బోన్సాయ్‌లు: మూడు జువ్వి, రెండు రావి, ఒక చింత, ఒక కాగితంపూల చెట్టు, రెండు అడీనియం. మెట్ల గది నీడలో మిరప, టమోటా నారు ట్రేలు. కింద హాల్లో మనీ ప్లాంట్, పీస్ లిల్లీ లాంటివి నాలుగు.

అన్నిటికీ ఒకే మట్టి: ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్ట్ సమపాళ్లలో. బోన్సాయ్ ట్రేల్లో కూడా ఇదే, పైన అందం కోసం నాచు పరిచారు. నాచు ఎండిపోకుండా రోజుకు రెండు మూడు సార్లు స్ప్రేయర్‌తో తడిపేవారు. పదిహేను రోజులకోసారి ప్రతి కుండీలో, ట్రేలో బుడ్డల (వేరుశనగ) చెక్క పొడి ఒక చెంచా చల్లేవారు. ఈ జిల్లాలో అది సులువుగా దొరుకుతుంది, మొక్కలకు బలం కూడా, దాని మీద అభ్యంతరం లేదు. పొడిగా చల్లి పైన తడుపుతూ ఉండటమే ఇబ్బంది. రెండు రోజుల్లో దాని మీద తెల్లబూజు కడుతుంది, ఫంగస్ నాట్ తినేది ఆ బూజునే.

నీళ్లు బోరువి, గట్టివి. కుండీ అంచుల్లో తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, పైపుతో అన్నిటికీ ఒకే తీరున పోసేవారు. మే నెలలో ఆ డాబా మీద ఇది తప్పు కాదు, పగలు 40 డిగ్రీలు దాటుతుంది, గాలి పొడిగా ఉంటుంది. చిక్కు సెప్టెంబర్‌లో వచ్చింది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో వాన పడే జిల్లాలో అన్నిటికన్నా ఎక్కువ పడేది ఆ నెలలోనే. మబ్బు పట్టింది, ఎండ తగ్గింది, మట్టి ఆరడం మందగించింది. పైపు మాత్రం వేసవిలో లాగే రెండు పూటలా తిరుగుతూనే ఉంది.

వచ్చిన ఫిర్యాదు

ఇంటివాళ్లు మొదట చెప్పింది మొక్కల గురించి కాదు, దోమల గురించి. సాయంత్రం లైటు వేస్తే హాల్లో సన్నటి నల్ల ఈగలు ముసురుతున్నాయి, కాఫీ గ్లాసుల్లో పడుతున్నాయి, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, డెంగీ వస్తుందేమోనని భయం. మొక్కల సంగతి తర్వాత వచ్చింది: మిరప నారు మొదలు దగ్గర మెత్తబడి పడిపోతోంది, ఒక జువ్వి బోన్సాయ్ పచ్చి ఆకులే రాలుస్తోంది, రెండు అడీనియంల దుంపలూ మెత్తగా తగులుతున్నాయి.

ఇలాంటప్పుడు అన్నిటికీ ఒకే కారణం అంటగట్టడం తేలిక. ఈగ కళ్ల ముందు ఎగురుతుంటుంది కాబట్టి నేరం దాని మీద పడుతుంది. అందుకే మందు మాట ఎత్తకముందు మూడు ప్రశ్నలు విడదీసుకున్నాం. ఎగిరేది ఏమిటి? అది ఎక్కడ పుడుతోంది? మొక్కకు జరిగిన నష్టంలో దాని వాటా ఎంత?

నిర్ధారణ

ఎగిరేదాన్ని గుర్తించడానికి పసుపు జిగురు అట్టలు వాడాం. పత్తికీ మిరపకూ వాడేవే, పురుగుమందుల షాపుల్లో ఉంటాయి. పెద్ద అట్టను అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద ముక్కలుగా కోసి, మట్టికి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో, పడుకోబెట్టినట్టు పుల్లల మీద ఆనించాలి. నిలబెట్టిన అట్ట కన్నా ఇలా పడుకోబెట్టినది మట్టిలోంచి అప్పుడే లేచే ఈగలను బాగా పడుతుంది.

అట్టకు అంటుకున్నవాటిని భూతద్దంతో చూస్తే 2, 3 మిల్లీమీటర్ల నల్లటి ఒళ్లు, పొడవాటి కాళ్లు, తల కంటే పొడవైన మీసాలు, రెక్క చివర చీలిన కొమ్మలా కనిపించే ఈనె. ఇవి ఫంగస్ నాట్ గుర్తులు. పాకుడు పట్టిన చోట ఉండే షోర్ ఫ్లై కాస్త బొద్దుగా, పొట్టి మీసాలతో, రెక్కల మీద లేత మచ్చలతో ఉంటుంది. ఇక్కడ అవి ఒకటీ అరా తప్ప లేవు. ఫంగస్ నాట్ కుట్టదు, రక్తం తాగదు, డెంగీ మోయదు. ఈ మాట ఇంటివాళ్లకు ముందే గట్టిగా చెప్పాలి. భయంలో ఉన్నవాళ్లు మొక్కల మీద ఇంట్లో కొట్టే దోమల మందు కొడతారు, అది లేత ఆకులను మాడ్చేస్తుంది.

ఎక్కడ పుడుతోందో తెలుసుకోవడానికి ఆలుగడ్డ చాలు. తొక్క తీసిన పచ్చి ఆలుగడ్డను అంగుళం ముక్కలుగా కోసి, మట్టిలో సగం దిగేలా నొక్కి, మూడు నాలుగు రోజుల తర్వాత తీసి అడుగు భాగం చూడాలి. లార్వా (గుడ్డులోంచి వచ్చే పిల్ల పురుగు) ఉంటే అక్కడికి చేరుతుంది: కాళ్లు లేని, గాజులా పారదర్శకంగా ఉండే, 5 మిల్లీమీటర్ల లోపు సన్నటి పురుగు, తల మాత్రం మెరిసే నలుపు. ముక్క పక్కన కుండీ గుర్తు రాసుకోవాలి, లేకపోతే పరీక్షకు అర్థం ఉండదు.

ఫలితం అందరూ ఊహించినట్టు లేదు. పెద్ద కుండీల్లో సగం దాదాపు శుభ్రంగా ఉన్నాయి. లార్వా ఎక్కువగా దొరికింది బోన్సాయ్ ట్రేల్లో, నారు ట్రేల్లో, హాల్లోని పీస్ లిల్లీలో. ఇవి కాక మెట్ల కింద నోరు తెరిచి ఉంచిన, వాన జల్లు తగిలిన వర్మీకంపోస్ట్ సంచిలో కుప్పలుగా ఉన్నాయి. ఆ సంచిలోంచే ప్రతి వారం కుండీలకు ఎరువు వేస్తున్నారు.

నష్టం సంగతి. నారు పడిపోవడంలో లార్వా పాత్ర స్పష్టం. లేత వేర్ల నూగును కొరికేస్తుంది, ఆ గాయాల్లోంచి వేరుకుళ్లు శిలీంధ్రాలు దూరుతాయి. జువ్వి విషయంలో అలా అనలేం. ట్రే నుంచి చెట్టును మెల్లగా పైకి తీసి చూస్తే కింది పొరలో వేర్లు గోధుమ రంగుకు తిరిగి, పట్టుకుంటే పైతోలు ఊడి వస్తోంది, మురుగు వాసన. ఇది నీళ్లు నిలిచి కుళ్లిన వేరు. లార్వా అక్కడ ఉంది నిజమే, కానీ కుళ్లు తినడానికి తర్వాత వచ్చింది. బాగా వేరుపట్టిన జువ్విని ఫంగస్ నాట్ ఒక్కటే చంపడం అరుదు. అడీనియం దుంపదీ ఇదే కథ. ఈ తేడా పట్టుకోకుండా పురుగు మందు పోస్తే పురుగు చస్తుంది, చెట్టు మాత్రం కుళ్లుతూనే ఉంటుంది.

అంతకుముందు చేసినవి, ఎందుకు పనిచేయలేదు

ఇంటివాళ్లు చాలానే ప్రయత్నించారు. సాంబ్రాణి పొగ, పసుపు పొడి, దోమల బ్యాటు. ఇవన్నీ ఎగిరే ఈగ మీద గురి. ఎగిరే ఈగ బతికేది వారం పది రోజులే, ఆలోపు ఒక ఆడ ఈగ తడి మట్టిలో వందకు పైగా గుడ్లు పెట్టగలదు. మట్టిలో గుడ్డు, లార్వా, ప్యూపా (రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశ) దాటి మళ్లీ ఈగ కావడానికి మన వాతావరణంలో సుమారు మూడు వారాలు. పైన ఎగిరేవాటిని ఎన్ని చంపినా కింద తర్వాతి తరం సిద్ధంగా ఉంటుంది.

వేపనూనెను ఆకుల మీద కొట్టారు. లార్వా ఉన్నది మట్టిలో. ఆ తర్వాత వేపపిండి మట్టి మీద చల్లారు, అది తడికి బూజు పట్టి మేతగా మారింది. వేపపిండి మట్టిలో కలిపి వాడాల్సిన వస్తువు, తడి ట్రే మీద చల్లాల్సింది కాదు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ విషయంలో కొంచెం ఆగాలి, ఎందుకంటే చాలామంది చేస్తున్న పొరపాటు ఇదే. బయటి దేశాల సలహాల్లో "ఒక పాలు పెరాక్సైడ్, నాలుగు పాళ్లు నీళ్లు" అని ఉంటుంది. అక్కడ అమ్మేది 3 శాతం ద్రావణం. మన మందుల షాపుల్లో సాధారణంగా దొరికేది 6 శాతం, సీసా మీద 20 వాల్యూమ్ అని కూడా రాసి ఉంటుంది. అదే లెక్కన కలిపితే బలం రెట్టింపు అవుతుంది. ఈ ఇంట్లో అలాగే కలిపి మూడు రోజులకోసారి నారు ట్రేల్లో పోశారు. నురగ వచ్చింది, పైనున్న లార్వా కొన్ని చచ్చాయి, వాటితో పాటు మిరప నారు నూగు వేర్లూ కాలిపోయాయి. 6 శాతం సీసా అయితే ఒక పాలుకు తొమ్మిది పాళ్లు నీళ్లు కలపాలి. అలా కలిపినా అది తగిలిన చోట తగిలిన క్షణానికే పనిచేస్తుంది, కాసేపటికి నీరూ ఆక్సిజనూ అయిపోతుంది. మట్టిలోని మంచి సూక్ష్మజీవులనూ కడిగేస్తుంది. అందుకే మా ప్రణాళికలో దానికి చోటివ్వలేదు.

ఇంకొకటి, బీటీ, అంటే పురుగులను చంపే ఒక బాక్టీరియాతో చేసిన మందు. ఎవరో చెబితే షాపులో బీటీ పొడి తెచ్చి పోశారు, ఏమీ కాలేదు. డబ్బా తెప్పించి చూస్తే అది కుర్‌స్టాకీ రకం. అది శనగలో, టమోటాలో కాయ తొలిచే గొంగళి పురుగులకు పనిచేస్తుంది. ఈగ జాతి లార్వాకు ఇజ్రాయెలెన్సిస్ రకమే కావాలి. దాన్ని బీటీఐ అంటారు, దోమ లార్వా కోసం అమ్ముతారు. డబ్బా మీద ఆ పూర్తి పేరు చదవకుండా కొనకూడదు.

ఏం చేశాం, ఎందుకు

మొదటి పని మేత ఆపడం. చెక్క పొడి చల్లడం పూర్తిగా ఆగింది. ట్రేల మీది బూజుపట్టిన చెక్కను చెంచాతో గీకి తీసేశాం. పాడైన వర్మీకంపోస్ట్ సంచిని డాబా సిమెంటు మీద పల్చగా పరిచి, నాలుగు రోజులు ఎండకు బాగా ఎండబెట్టి, మూత గట్టిగా పట్టే డ్రమ్ములోకి మార్చాం. కుండీల కింది పళ్లాల్లో నిలిచిన నీళ్లు పారబోశాం. ఇవి చేయకుండా ఏ మందు పోసినా కన్నం పడ్డ కుండలో నీళ్లు పోసినట్టే.

ఆ తర్వాత మొక్కలను నీటి అవసరాన్ని బట్టి విడదీశాం.

పెద్ద కుండీలు తేలిక. పది అంగుళాల కుండీలో లార్వా దాదాపు పైనున్న రెండు మూడు అంగుళాల్లోనే ఉంటుంది, మొక్క తాగే వేర్లు దానికి కింద కూడా ఉంటాయి. పైపొర ఆరినా మొక్కకు ఇబ్బంది లేదు. కానీ "ఎండ ఇంతుంటే నీళ్లు తగ్గించమంటారేంది సామీ, వాడిపోవా?" అన్నది ఇంటి పెద్దావిడ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. సమాధానం అగరుబత్తి పుల్లలో ఉంది. కాలిపోయిన అగరుబత్తి పుల్లను రెండంగుళాల లోతుకు గుచ్చి, ఐదు నిమిషాలాగి తీస్తే తడి మరక ఎక్కడి దాకా ఉందో కనిపిస్తుంది. పై రెండంగుళాలు పొడిగా వస్తేనే నీళ్లు. మొదటి వారం ఈ లెక్కన చూస్తే షేడ్ నెట్ కింద చాలా కుండీలకు నాలుగైదు రోజులకోసారి చాలింది. ఏ మొక్కా వాడలేదు.

కోకోపీట్ ఎక్కువున్న మట్టి పూర్తిగా ఎండితే నీటిని పట్టుకోదు, పోసిన నీళ్లు కుండీ గోడ వెంట జారి అడుగు నుంచి బయటికి వచ్చేస్తాయి. పైకి తడిసినట్టు ఉంటుంది, లోపల ముద్ద పొడిగానే ఉంటుంది. అందుకని నీళ్లు రెండు విడతలుగా, మధ్యలో పది నిమిషాలాగి పోయించాం. అడుగు నుంచి నీళ్లు పట్టించే పద్ధతి ఫంగస్ నాట్స్‌కు మంచిదే, పైపొర పొడిగా ఉంటుంది. మన బోరు నీళ్లతో మాత్రం ఉప్పు పైకి ఎక్కి తెల్లగా పేరుకుంటుంది. హాల్లోని నాలుగు మొక్కలకు ఈ పద్ధతి పెట్టినా, నెలకోసారి పై నుంచి ధారగా పోసి ఉప్పు కడిగేయమని చెప్పాం.

బోన్సాయ్ దగ్గర లెక్క మారుతుంది. 5 సెంటీమీటర్ల లోతున్న ట్రేలో వేర్ల ముద్ద మొత్తం లార్వా ఉండే పొరలోనే ఉంటుంది. ఆరబెట్టి చంపాలంటే చెట్టు తాగే వేర్లనూ ఆరబెట్టాలి. జువ్వి, రావి కొంత ఓర్చుకుంటాయి. చింత ముందు ఆకు ముడిచి, తర్వాత కొమ్మ చివర్లు ఎండబెట్టుకుంటుంది. అంటే ఇక్కడ తడిని తీసేయలేం. తడిలో ఉండే మేతను తీసేయాలి, తడి నిలిచే తీరును మార్చాలి, మిగిలిన లార్వాకు బీటీఐ పోయాలి.

నాచు మొత్తం తీసేశాం. అనంతపురం గాలిలో నాచు బతకాలంటే పైపొర ఎప్పుడూ తడిగా ఉండాలి, ఫంగస్ నాట్‌కు కావలసిందీ అదే. ప్రదర్శనకు పెట్టే వారం పది రోజుల ముందు పరుచుకుంటే చాలు, ఏడాది పొడవునా అక్కర్లేదు. నాచు కింద పైమట్టిని పీచు వేరు తెగకుండా వెదురు పుల్లతో సెంటీమీటరు మేర గీకి తీసి, ఆ చోట 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఇటుక ముక్కలు నింపాం. ఇటుక బాగా కాలినదై ఉండాలి. దంచి, రెండు జల్లెళ్ల మధ్య మిగిలింది తీసుకుని, పొడి పోయేదాకా కడగాలి.

సన్న ఇసుక ఎందుకు వద్దన్నామంటే, ఇంతకుముందు కొన్ని ట్రేల్లో వాళ్లు అరంగుళం ఇసుక పోశారు, ఏమీ తగ్గలేదు. సన్న ఇసుక కింది తడిని పైకి పీల్చుకుని తానూ తడిగానే ఉంటుంది. గరుకు ముక్కల మధ్య ఖాళీలు పెద్దవి కాబట్టి తడి పైకి ఎక్కదు, నీళ్లు పోసిన కొన్ని గంటల్లోనే పైన పొడిబారుతుంది.

రాతి చిప్స్ వేసుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. మన వైపు పాలిష్ యార్డుల దగ్గర ఊరికే దొరికే నల్ల ముక్కలు చాలావరకు కడప, తాడిపత్రి బండల ముక్కలు. అది సున్నపురాయి. గట్టి బోరు నీళ్లకు అది తోడైతే మట్టిలో క్షారం ఇంకా పెరిగి, ఇనుము అందక కొత్త ఆకులు ఈనెల మధ్య పసుపు తిరుగుతాయి. ముక్క మీద మరుగుదొడ్లు కడిగే యాసిడ్ ఒక చుక్క వేస్తే బుసబుస నురగ వస్తే సున్నపురాయి, రాకపోతే సున్నపురాయి కాదు. చేతికి గ్లౌజు, ఆరుబయట చేయాలి.

కుళ్లిన వేరున్న ఆ ఒక్క జువ్వికి మాత్రం మట్టి మొత్తం మార్చాం. అక్టోబర్ మొదట్లో రాత్రుళ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి, జువ్వి కోలుకుంటుంది, ఆగితే కుళ్లు మొదలుదాకా పోతుంది. కుళ్లినవాటిని తెల్లటి గట్టి వేరు కనిపించేదాకా కోసి, ఇటుక ముక్కలు ఐదు పాళ్లు, గ్రానైట్ చిప్స్ మూడు, జల్లెడ పట్టిన బాగా మాగిన ఎరువు రెండు పాళ్లతో నాటాం. పోయిన వేరుకు తగ్గట్టు కొమ్మలు కొంత తగ్గించి, మూడు వారాలు నీడలో ఉంచాం. చింతకూ కాగితంపూల చెట్టుకూ ఈ పని చేయలేదు. చలికి ముందు ఆరోగ్యంగా ఉన్న వేరును కదిలించాల్సిన అవసరం లేదు.

అడీనియం దుంపలను బయటికి తీసి, మెత్తని భాగాన్ని శుభ్రమైన కత్తితో గట్టి కండ వచ్చేదాకా కోసి, కోతకు కాపర్ ఆక్సీక్లోరైడ్ (శిలీంధ్రాలను ఆపే మందు) ముద్దలా పూసి, నీడలో వారం ఆరబెట్టాం. నాటాక మరో వారం నీళ్లే పోయలేదు.

బీటీఐ వాడకం. దొరికింది నీటిలో కలిసే పొడి రకం, ఇక్కడ లీటరుకు 1 గ్రాము వాడాం. ఒక్కో కంపెనీ పొడి బలం ఒక్కోలా ఉంటుంది, కాబట్టి డబ్బా మీది సూచన చూసుకోవాలి. ఇది లార్వా పొట్టలోకి పోతేనే పనిచేస్తుంది, అక్కడి క్షార గుణానికి దాని స్ఫటికాలు కరిగి పేగును దెబ్బతీస్తాయి. గుడ్డునూ, ప్యూపానూ, ఈగనూ ఏమీ చేయదు. అందుకే ఒక్కసారి పోస్తే చాలదు. వారానికోసారి చొప్పున నాలుగు వారాలు పోయించాం, అప్పుడే ఒక తరం మొత్తం ఏదో ఒక వారం లార్వాగా దొరుకుతుంది. ఎండకు త్వరగా బలం పోతుంది కాబట్టి సాయంత్రం పోయాలి. కలిపిన నీళ్లు ఆ పూటే అయిపోవాలి, అడుగుకు దిగకుండా మగ్గుతో కలుపుతూ ఉండాలి. మామూలుగా పోసే నీళ్లకు బదులుగా ఇదే పోయాలి. అదనంగా పోస్తే తడి ఇంకా పెరుగుతుంది.

నెమటోడ్లు (లార్వాలను చంపే, కంటికి కనిపించనంత సన్నటి నులిపురుగులు) వాడొచ్చు కదా అని అడుగుతుంటారు. ఫంగస్ నాట్స్‌కు పేరున్న స్టైనర్‌నీమా ఫెల్టియే చల్లటి మట్టిలో బాగా పనిచేస్తుంది, మట్టి 30 డిగ్రీలు దాటితే చతికిలబడుతుంది. డాబా మీది పల్చటి ట్రే మన ఎండకు ఎంత కాగుతుందో తెలిసినవాళ్లం, దాని మీద డబ్బు పెట్టమనలేకపోయాం.

పాత నారు ట్రేలను కాపాడే ప్రయత్నం చేయలేదు. మట్టితో సహా పారేసి, ట్రేలను సబ్బు నీళ్లతో కడిగి ఎండబెట్టి, కోకోపీట్‌ను పిండితే చుక్క రాని తడిలో ఉంచి మళ్లీ విత్తాం.

రెండో వారం తర్వాత బయటపడింది

కుండీల దగ్గర అట్టల మీద ఈగలు రెండో వారానికే సగానికి తగ్గాయి. బోన్సాయ్ స్టాండులో కింది అర మీదున్న మూడు ట్రేల దగ్గర మాత్రం అట్టలు ఎప్పటిలాగే నిండుతున్నాయి. పైన ఇటుక ముక్కలు పొడిగా ఉన్నాయి, ఆలుగడ్డ ముక్కలకు లార్వా దాదాపు రావడం లేదు. అయినా ఈగలు.

ఇక్కడ మందు మోతాదు పెంచాలనే ఆలోచన సహజంగా వస్తుంది. కానీ ట్రే పైపొరలో లార్వా లేదని ఆలుగడ్డ చెబుతుంటే, పై నుంచి ఎంత పోసినా లాభం లేదు. ఈగ వేరే చోట నుంచి రావాలి. ఆ చోటు వెతకడానికి జిగురు అట్ట ముక్కలను ఈసారి ట్రేల కింద, జిగురు వైపు పైకి ఉండేలా పెట్టాం. మర్నాటికే నిండాయి.

కింది అరలో ట్రేల కింద తడి గోనెపట్టా పరిచి ఉంది. వేసవిలో ట్రేలు చల్లగా ఉండాలని పరిచారు, వేసవికి అది మంచి పనే. ఇప్పుడు దాని పోగుల మధ్య ట్రేలోంచి కారిన మట్టీ, చెక్క పొడీ చేరి, బూజు కట్టి, లార్వా తిరుగుతోంది. ట్రేల అడుగు రంధ్రాలకు వేసిన జాలీ షేడ్ నెట్ ముక్క, కన్నాలు పెద్దవి, ఈగ కింది నుంచి కూడా మట్టిలోకి వెళ్లి గుడ్లు పెట్టగలదు. దోమతెర కూడా ఇంత సన్నటి ఈగను నమ్మకంగా ఆపలేదు.

గోనెపట్టా తీసి ఎండలో పడేశాం. స్టాండు అరను తోమి, ట్రేలను ఇటుక బిళ్లల మీద రెండు అంగుళాలు లేపి పెట్టాం. అడుగున గాలి ఆడితే రంధ్రం చుట్టూ తడి నిలవదు. జాలీ మార్చడానికి ట్రేలు కదపాలి కాబట్టి, అప్పటికి రంధ్రం మీద బయటి నుంచి పాత నైలాన్ మేజోడు గుడ్డను రెండు మడతలు వేసి తీగతో బిగించాం, నీళ్లు కారడానికి అది అడ్డం కాదు. ఆ తర్వాత వారం నుంచి ఆ అరలోనూ అట్టలు ఖాళీగా రావడం మొదలైంది.

ఫలితం

నవంబర్ నడిమికి హాల్లో సాయంత్రం ఈగలు లేవు. డాబా మీద అట్టకు వారానికి ఒకటో రెండో పడుతూనే ఉన్నాయి, అది మామూలే. ఆరుబయట తోటలో సున్నా సాధ్యం కాదు, పక్క డాబాల నుంచీ వస్తాయి. ఇంటివాళ్లకు పెట్టిన గీత ఇది: ఏ అట్ట మీదైనా వారంలో ఐదు దాటితే ఆ కుండీలో ఆలుగడ్డ పెట్టాలి, లార్వా కనిపిస్తేనే బీటీఐ. కనిపించకపోతే చుట్టుపక్కల తడి సంచీ, పళ్లెం, గోనె వెతకాలి.

జువ్వి ఏడో వారంలో కొత్త చిగురు వేసింది. ఒక అడీనియం నిలబడింది. కుళ్లు దుంప నడిమిదాకా పోయిన రెండోది దక్కలేదు.

చెక్క పొడి బదులు బోన్సాయ్‌లకు 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే) నీటిలో కరిగే ఎరువును లీటరుకు అరగ్రాము చొప్పున పదిహేను రోజులకోసారి ఇస్తున్నారు. చీనీ (బత్తాయి), దానిమ్మ తోటలకు డ్రిప్‌లో వాడేదే కాబట్టి ఏ ఎరువుల షాపులోనైనా దొరుకుతుంది. మామూలుగా గ్రాము చెబుతారు, బోరు నీళ్లలో ఉప్పు ఇప్పటికే ఎక్కువ కనుక సగమే చాలన్నాం. చెక్కే కావాలనుకుంటే పెద్ద కుండీల్లో, మూడంగుళాల లోతు గుంటలో వేసి మట్టి కప్పాలి.

మిగతా తోటలకు ఇందులోంచి తీసుకోదగినవి

నీళ్లు పోసే వేళలు నెలను బట్టి మారాలి. ఏప్రిల్, మే నెలల్లో ట్రేలకు రెండు పూటలా పోయాల్సిందే, ఆ ఎండలో ఫంగస్ నాట్ పెద్దగా నిలవదు కూడా. ఆగస్టు చివర మబ్బు పట్టగానే పుల్ల గుచ్చి చూడటం మొదలుపెట్టాలి. నీళ్లు పోసేది వేరే మనిషైతే "రోజూ పొయ్యి" అని కాదు, "పుల్ల పొడిగా వస్తే పొయ్యి" అని చెప్పాలి. ట్రేలకు ఇది కుదరదు కాబట్టి వాటిని వేరే వరసలో పెట్టి, ఉదయం ఒక్కసారి నిండుగా, అడుగు నుంచి కారేదాకా పోయించాలి. పైపైన కొంచెం కొంచెం చిలకరించడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి, పైన బురద, కింద కరువు.

జనవరిలో చలికాలం పూలమొక్కల నారు కొని తెచ్చినప్పుడు ఈ ఇంట్లో ఈగలు మళ్లీ కనిపించాయి. ఈసారి కొత్త కుండీలను మెట్ల గదిలో విడిగా, ఒక్కో అట్టతో ఉంచారు కాబట్టి రెండు కుండీల్లోనే దొరికాయి, అక్కడే ఆగాయి. నర్సరీ మొక్కలు దాదాపు వట్టి కోకోపీట్‌లో, రోజూ తడుపుతూ పెంచినవి. మూడు వారాలు విడిగా ఉంచితే లోపలున్న గుడ్డు ఈగై అట్టకు చిక్కడానికి సమయం సరిపోతుంది.

ఇక చేయాల్సింది రెండు రావి ట్రేల పని. వాటిలో ఇంకా పాత కోకోపీట్ మట్టే ఉంది, పైపొర మాత్రమే మారింది. ఫిబ్రవరి చివర, కొత్త మొగ్గలు ఉబ్బే ముందు వాటికి ఇటుక మిశ్రమం మార్చి, అడుగున సన్న కన్నాల జాలీ వేయాలి. అప్పటిదాకా నెలకోసారి బీటీఐ, ట్రే కింద ఒక అట్ట.